ఖాజా భాయ్ కన్ను, మా తెర వన్నె

డ్రైవర్ల మీద ఆఫీసరు

ఏం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే "డ్రైవర్లను సరిచేసేదాన్ని" అని చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ మాట అన్నప్పుడల్లా ఎదుటివాళ్లు బస్సుల రాకపోకల గురించి అడిగేవారు. మా మేనత్తయితే జనగామలో సగం మందికి "మా విజయ డ్రైవర్ల మీద ఆఫీసరు" అని చెప్పుకుంది. ఒకాయన తన కొడుకుకు బస్సు నడిపే కొలువు ఇప్పించమని మా ఇంటికొచ్చాడు. నాకు స్టీరింగ్ పట్టుకోవడమే రాదని తెలిసేసరికి ఆయన టీ సగంలో ఉంది. మిగతా సగం తాగకుండానే లేచి వెళ్లాడు.

నేను చూసుకున్నవి తెరల డ్రైవర్లు. కంప్యూటర్‌లో బొమ్మను తయారుచేసే చిప్పుకూ, ఆ బొమ్మ కనబడే తెరకూ మధ్య పనిచేసే సాఫ్ట్‌వేర్ అన్నమాట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మేం చూసుకునే కంప్యూటర్లన్నీ లినక్స్ అనే ఉచిత సిస్టమ్‌కు మారినప్పుడు ఈ డ్రైవర్లు కూడా ఓపెన్ సోర్స్‌వి వచ్చాయి. అంతకుముందు తెర రంగు చెడితే మూత తీయడానికి వీల్లేని డబ్బా ముందు కూర్చుని దండం పెట్టుకోవడమే. ఇప్పుడు డ్రైవర్ లోపల రాసిందంతా తెరిచి చదువుకోవచ్చు! ఏ వరుసలో ఎరుపు ఎరుపవుతోందో, ఏ వరుసలో నలుపు బూడిదవుతోందో వేలు పెట్టి చూపించవచ్చు. మొదటిసారి అలా చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇంట్లోవాళ్లు జ్వరమనుకున్నారు. జ్వరమే, కాకపోతే రంగుల జ్వరం. ఇప్పటికీ తగ్గలేదు.

ఈ రంగంలోకి, ఈ రంగుల్లోకి, కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్లు చెప్పను. చెప్పడానికి పెద్దగా లేవు కూడా. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా గూడూరు టైలర్ ఖాజా భాయ్ ఎడమ కన్ను గురించి. ఆ కన్ను నిలుస్తుందా లేదా అన్నది ఒక పూట మా తెర రంగు మీద ఆధారపడింది. అయితే అక్కడికి వెళ్లేముందు, తెర రంగు తప్పడమంటే ఏమిటో తెలియడానికి ఒకసారి భూపాలపల్లి వెళ్లొద్దాం.

ఫుల్లా, లిమిటెడా

భూపాలపల్లిలో గని పనికి కొత్తగా చేరేవాళ్లకు శిక్షణ ఇచ్చే హాలు ఒకటుంది. అక్కడ గోడకు పెద్ద టీవీ బిగించి కంప్యూటర్‌కు కలిపారు. పైకప్పు ఎక్కడ పగులు చూపుతుందో, ఎక్కడ నిలబడకూడదో వీడియోల్లో చూపిస్తారు. శిక్షణ ఇచ్చే సమ్మయ్య సార్ ఫోన్ చేశారు.

"మేడం, జర వచ్చి చూడుండ్రి. బొగ్గంత ఒకటే ముద్ద కనబడ్తాంది. పగులేదో నీడేదో నాకే తెలుస్తలేదు, పొల్లగాండ్లకు ఏం జెప్పాలె?"

నేను వెళ్లి చూస్తే నిజమే. బొగ్గులో ఎన్ని నలుపులుంటాయో భూపాలపల్లి వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు, కానీ ఆ టీవీకి ఒక్కటే నలుపు తెలుసు. డ్రైవర్ సెట్టింగులు తెరిచాను. కంప్యూటర్ లెక్కలో చిక్కటి నలుపు అంటే సున్నా, మెరిసే తెలుపు అంటే 255. చాలా టీవీల లెక్క వేరు. వాటికి నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగిపోతుంది. కంప్యూటర్ తన లెక్కలో పంపితే, టీవీ తన లెక్కలో చదువుకుని, 16 కింద ఉన్న చీకటి ఛాయలన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేస్తుంది. ఈ రెండు లెక్కలకూ డ్రైవర్‌లో పేర్లున్నాయి. మొదటిది ఫుల్, రెండోది లిమిటెడ్. వాటితోపాటు ఆటోమేటిక్ అని మూడోది ఉంది. తెరను అడిగి దానికి తగ్గ లెక్క ఎంచుకోవడం దాని పని. ఎవరో దాన్ని మార్చి ఫుల్ పెట్టారు.

"ఇది ఎవరు మార్చారు సార్?" అన్నాను.

సమ్మయ్య సార్ గర్వంగా చెప్పారు. "నేనే మేడం. ఫుల్ ఉండంగ లిమిటెడ్ ఎవడన్న తింటడా?"

హోటల్ బోర్డు మీద ఫుల్ మీల్స్, లిమిటెడ్ మీల్స్ చూసి పెరిగిన మనకు ఆ మాటలో తప్పేం కనబడుతుంది? ఆటోమేటిక్‌కు తిప్పాను. బొగ్గులోంచి పగులు బయటికొచ్చింది, దాని పక్కన నీడ వేరుగా నిలబడింది. హాల్లో కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి "ఓ" అన్నారు. సమ్మయ్య సార్ ఆ రోజు నాకు భోజనం పెట్టించారు. ఫుల్లే పెట్టించారు.

నవ్వుకున్నా సరే, ఈ మాట గుర్తుంచుకోండి. తెర రంగు తప్పితే అది ఏడ్చి చెప్పదు. ఏమీ జరగనట్టే వెలుగుతూ ఉంటుంది. లేని పగులును అది చూపించకపోవచ్చు, కానీ ఉన్న పగులును దాచగలదు.

యాదగిరి సార్ మాట

మా జనగామ ఆఫీసులో నాకు పని నేర్పింది యాదగిరి సార్. మంచి మనిషి. కేబుల్ చూడకుండా కెర్నల్ జోలికి, అంటే సిస్టమ్ గుండెకాయ జోలికి, పోతే కోప్పడేవారు. ఎక్కడికి పంపినా, తెర ముందు రోజూ కూర్చునే మనిషి పక్కన కాసేపు కూర్చుని వాళ్ల కంప్లెయింట్ వాళ్ల మాటల్లోనే వినమనేవారు. ఆయన నేర్పినవాటిలో ఇది బంగారం.

ఆయన నేర్పినవన్నీ బంగారం కావు. తెర రంగు కొలిచే చిన్న మీటరు ఆఫీసుకు వచ్చినప్పుడు ఆయన దాన్ని పెళ్లికొడుకును చూసినట్టు చూశారు. అరచేతిలో ఇమిడేంత పరికరం అది. తెర మధ్యలో వేలాడదీస్తే, తెర చూపించే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో తన కంటితో కొలుస్తుంది. ఆ కొలతను బట్టి సాఫ్ట్‌వేర్ ఒక పట్టిక తయారుచేస్తుంది. డ్రైవర్ ఆ పట్టికను పట్టుకుని, ఫలానా రంగు అడిగితే తెరకు ఎంత పంపాలో సరిదిద్దుతుంది. తెర నీలం తక్కువ చూపిస్తుంటే నీలం కాస్త ఎక్కువ పంపుతుంది. పని పూర్తయ్యాక "అంతా సరిగా ఉంది" అని ఆకుపచ్చ గుర్తు వస్తుంది.

"మన కండ్లు అలిసిపోతయ్ విజయా," అనేవారు సార్. "మీటరు అలిసిపోదు. దానికి చుట్టాల్లేరు, పక్షపాతం లేదు. నీ కన్ను ఒకటి చెప్పి మీటరు ఇంకొకటి చెప్తే మీటరునే నమ్ము."

నేను నమ్మాను. ఆ నమ్మకంతోనే ఖాజా భాయ్ కన్ను దగ్గరికి వచ్చాను.

గూడూరు నుంచి వచ్చిన బొమ్మ

గూడూరులో ఒక చిన్న కంటి పరీక్షా కేంద్రం ఉంది. షుగర్ ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, కంటి లోపలి పొర ఫొటో తీస్తారు. ఆ ఫొటో మహబూబాబాద్‌లో ఉన్న కేంద్రానికి వస్తుంది. అక్కడ డాక్టర్ సరిత దాన్ని పెద్ద తెర మీద చూసి, ఎవరిని వెంటనే పిలవాలో, ఎవరు ఏడాది తర్వాత వస్తే చాలో చెబుతారు. సహాయానికి స్వరూప అనే టెక్నీషియన్ ఉంటుంది. నెలకోసారి తెరను మీటరుతో కొలవడం స్వరూప పని. తెర, డ్రైవర్, వాటి మంచిచెడ్డలు నా బాధ్యత.

నేను రిటైరయ్యే ముందటి దసరా సెలవుల్లో ఆ కంప్యూటర్‌కు కొత్త డ్రైవర్ ఎక్కించాను. సెలవులయ్యాక స్వరూప తెరను మామూలుగా కొలిచింది, పచ్చటి గుర్తు వచ్చింది. అప్పుడే నాకు ఫోన్ చేసింది.

"అక్కా, ఏం జేసినవో గని తెర మస్తు సాఫ్ అయింది! తెల్లగ మెరుస్తాంది. డాక్టరమ్మ గూడ బాగుందన్నది."

"అదా, కొత్త డ్రైవర్‌లే," అన్నాను, ఆ డ్రైవర్‌ను నేనే రాసినంత ఠీవిగా.

కొన్ని వారాలు గడిచాయి. ఒక రోజు పొద్దున డాక్టర్ సరిత స్వయంగా ఫోన్ చేశారు.

"విజయక్కా, మీరు ఇయ్యాలనే రావాలె. గూడూరుల ఖాజా భాయ్ అని టైలర్ ఉన్నడు. దసరా తర్వాత ఆయన కన్ను ఫొటో చూసి ఏం లేదు, ఏడాదికి రమ్మన్న. ఇప్పుడు ఆయన కొత్త కండ్లద్దాలు కావాలని అక్కడి సెంటర్‌కు పోయిండు. ఎడమ కంటితోటి చూస్తే సీదా కుట్టు వంకరగ కనబడ్తాందట."

"అంటే?"

"అంటే చూపుకు నడిమిల ఉండే జాగల నీరు చేరినట్టు లెక్క. ఆలస్యమైతే ఆ చూపు మల్ల రాదు. గని ఫొటో మల్ల తీసి చూసిన, ముందరి లెక్కనే సాఫ్‌గ ఉంది. రమ్మంటే ఆయన వస్తలేడు. 'మీరే బాగుందన్నరు గద, పెండ్లి బట్టల పని మీదున్న, వచ్చే నెల వస్త' అంటడు. నేను ఫొటో పట్టుకొని ఏమని బలవంతం జెయ్యాలె? నాకు తెర మీద అనుమానంగ ఉంది."

జనగామ నుంచి మహబూబాబాద్ వెళ్లే దారంతా నా మనసులో ఒకటే. నేను ఎక్కించిన డ్రైవర్ వల్ల ఒక టైలర్ కన్ను పోతే?

నీలిమందు తెలుపు

తెర ముందు కూర్చున్నాను. పక్కన డాక్టరమ్మ, వెనక స్వరూప. ఖాజా భాయ్ ఎడమ కన్ను ఫొటో తెర నిండా ఉంది. నారింజ గుండ్రం, అందులో రక్తనాళాలు, నడుమ అక్కడక్కడ తెల్లటి మెరుపులు.

"అవి కెమెరా వెలుగు పడితె వస్తయ్," అన్నారు డాక్టరమ్మ. "నేను వెతికేవి పసుపు చుక్కలు. నాళాలు కారితె అవి పేరుకుంటయ్. ఇండ్ల పసుపు లేదు."

ముందు కేబుల్ చూశాను. తర్వాత ఫుల్, లిమిటెడ్ చూశాను. ఆటోమేటిక్‌లో ఉంది, సరిగ్గానే ఎంచుకుంది. రాత్రిపూట తెరను పసుపు చేసే సెట్టింగ్ ఆపే ఉంది. అప్పుడు డ్రైవర్‌లోని పట్టికను ఖాళీ చేశాను, అంటే మీటరు సరిదిద్దిన రంగులు వదిలేసి తెరను దాని సొంత రంగులో నిలబెట్టాను.

తెర ఒక్కసారిగా పసుపు పచ్చగా మారింది! ఫొటోలోని తెల్లటి మెరుపులు కూడా పసుపుగానే కనబడి, ఏది మెరుపో ఏది చుక్కో తేలలేదు.

"అయ్యో అక్కా, ఖరాబైంది, ఖరాబైంది! మల్ల మంచిగనే పెట్టు," అని స్వరూప గాభరా పడింది. నాకూ అలాగే అనిపించింది. బట్టలకు నీలిమందు పెడితే తెలుపు ఇంకా తెల్లగా కనబడుతుంది కదా. ఆ తెలుపుకు కళ్లు అలవాటు పడ్డాక మామూలు తెలుపు మాసినట్టు ఉంటుంది. మా కళ్లు మాసినదేదో, మందు పెట్టినదేదో చెప్పలేని స్థితిలో ఉన్నాయి. అలాంటప్పుడు ఎవరిని అడగాలి? మీటరును. మీటరు పెట్టి మళ్లీ కొలిచాను. ఎప్పటిలాగే పచ్చటి గుర్తు. తెర మళ్లీ మెరిసే తెలుపుకు వచ్చింది.

ఇక అనుమానం లేదు, తప్పు కొత్త డ్రైవర్‌దే అనుకున్నాను. ఓపెన్ సోర్స్‌లో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే, తప్పు కనబడితే డ్రైవర్ రాసినవాళ్లకే నేరుగా చెప్పవచ్చు. అక్కడే కూర్చుని ఇంగ్లీషులో ఘాటుగా ఒక ఫిర్యాదు రాసి పంపాను. నా ఇంగ్లీషు మామూలుగా సాత్వికం, ఆ రోజు మాత్రం వరంగల్ మిరపకాయ. ఎక్కడో పగలో రాత్రో తెలియని దేశంలో ఒకాయన వెంటనే మర్యాదగా జవాబిచ్చాడు. పాత డ్రైవర్ పెట్టి చూశారా అని అడిగాడు.

చూశాను. పాత డ్రైవర్‌తోనూ అదే తెలుపు.

తప్పు డ్రైవర్‌ది కాదు. తెర తనంతట తాను ఉంటే పసుపు, మీటరు చెప్పినట్టు వింటే తెలుపు. మరి పసుపు చుక్కలు ఉండాల్సిన ఫొటో పసుపు లేకుండా ఎందుకుంది? అటు డాక్టరమ్మ గూడూరుకు ఫోన్ చేశారు. ఖాజా భాయ్ గొంతు స్పీకర్‌లో, వెనక కుట్టుమిషను చప్పుడు.

"ఇయ్యాల పెండ్లికొడుకు షేర్వానీ ఉన్నది డాక్టరమ్మా. ఎట్ల వస్త జెప్పు? కండ్లద్దాలు మార్చుండ్రి, సాల్తది."

"ఖాజా భాయ్, కుట్టు వంకర ఎన్ని దినాల సంది?"

"అరే, గది ఎవలకు యాదికుంటది? నా మిషిన్ వంకరనో, నా కన్ను వంకరనో, ఖుదాకే ఎరుక."

డాక్టరమ్మ ఫోన్ పెట్టేశారు.

మీటరును కొలిచిన తెరలు

అప్పుడు నాకు తట్టిన పని చాలా చిన్నది. ఎందుకు ముందే తట్టలేదో అడగకండి, తట్టినందుకే నేను ఆశ్చర్యపడ్డాను. మీటరును ఆ తెర మీంచి తీసి నా సొంత లాప్‌టాప్ మీద పెట్టాను. జనగామ ఆఫీసులో ఇలాంటి మీటరుతోనే ఎన్నోసార్లు కొలిచిన లాప్‌టాప్. దాని నీలం ఎంతో నాకు కంఠతా వచ్చు.

నీలం తక్కువ అంది మీటరు. చాలా తక్కువ.

డాక్టరమ్మ ఫోన్ అడిగి తీసుకుని దాని మీద పెట్టాను. దానిలోనూ నీలం తక్కువ.

"స్వరూపా, రిసెప్షన్‌లో ఉన్న తెర?"

మేమిద్దరం దాదాపు పరుగెత్తాం. ఆ తెర మీదా నీలం తక్కువే! మహబూబాబాద్‌లో అన్ని తెరలకూ ఒకేసారి నీలం కరువు వచ్చిందా? రాదు. నేను నవ్వడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ నన్ను వింతగా చూశారు.

"తెరలకు కాదు జబ్బు," అన్నాను. "కొలిచేదానికి."

మీటరును వెల్లకిలా తిప్పి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి దాని కన్ను చూశాను. గాజు చుట్టూ ఉన్న సన్నని గాడిలో, గాజు మీద పల్చటి పొరగా, పసుపు. ఇంట్లో వాడే అసలైన పసుపు! ఒక అంచున కాస్త కుంకుమ కూడా.

"స్వరూపా, ఇది ఏంది?"

స్వరూప వంగి చూసింది. ఆమె ముఖం రంగులు మారింది.

"అక్కా... దసరాకు అన్ని మిషిన్లకు పూజ జేసిన. కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, ఫ్రిజ్‌కు గూడ బొట్టు పెట్టిన. కెమెరాకు మాత్రం పెట్టలే, అద్దం మీద పెడితె ఖరాబైతదని మేడం ముందే చెప్పిండ్రు. ఇగ గీ ఒక్కటి మిగిలింది. అన్నిట్ల దీనికే కన్నున్నది గద అని, కంటికి మంచిగ బొట్టు పెట్టిన. మర్నాడు తుడిచిన అక్కా, నిజంగ తుడిచిన."

తుడిచింది, పైపైన. గాడిలో నిలిచిన పసుపు గాజు మీదికి పొరలా పాకింది. ఆ పొరలోంచి చూసిన మీటరుకు ప్రతి తెరా పసుపుగా, నీలం తక్కువగా కనబడింది. నీలం తక్కువైతే ఏం చేయాలో దానికి తెలుసు, మా డ్రైవర్‌కూ తెలుసు. రెండూ కలిసి ఎరుపు, ఆకుపచ్చ తగ్గించి నీలాన్ని నిలబెట్టాయి. పసుపనేది లేకుండా చేశాయి. కంటిలోని పసుపు చుక్కలు కూడా ఆ ఊపులోనే తెల్లబారి, కెమెరా మెరుపుల్లో కలిసిపోయాయి. డ్రైవర్ తప్పు చేయలేదు. అబద్ధమైన కొలతకు నిజాయితీగా పనిచేసింది.

నేను స్వరూపను తిట్టలేదు. యంత్రాలకు పూజ చేయడం మనకు కొత్తా? నేను మా ఇంటి మిక్సీకి కూడా బొట్టు పెడతాను. కాకపోతే కన్ను ఉన్నదానికి నొసటన పెట్టాలి, కంట్లో కాదు.

మెత్తటి గుడ్డతో, అద్దాలు తుడిచే ద్రవంతో గాజును ఓపికగా శుభ్రం చేశాను. లాప్‌టాప్ మీద పెడితే నీలం తన పాత చోటికి వచ్చింది. పెద్ద తెరను మళ్లీ మొదట్నుంచి కొలిచాం. రంగుల గళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద మెరుస్తుంటే, డాక్టరమ్మ కుర్చీ అంచున కూర్చున్నారు. కొత్త పట్టిక డ్రైవర్‌కు ఇచ్చాను. ఖాజా భాయ్ ఎడమ కన్ను తెరిచాను.

ఉన్నాయి! చూపు నడుమ ఉండే చోటుకు అతి దగ్గరగా, సగం దండలా, మేలిమి పసుపు చుక్కలు.

డాక్టరమ్మ వెంటనే ఫోన్ అందుకున్నారు.

డాక్టరమ్మ ఫోన్

కొత్తగా వచ్చేవాళ్లు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవాలి. మన పని తెర దగ్గర ఆగిపోతుందని మనకు నేర్పుతారు. ఆగిపోదు. తెర మీద తేలిన నిజం అవతలి మనిషి దాకా వెళ్లాలి, అది అంత సులువు కాదు.

"ఖాజా భాయ్, ఇయ్యాలనే బయలెల్లాలె. నేను చెప్తున్న."

"మల్ల గదే మాట! మొన్న లేనిది ఇయ్యాల యాడికెళ్లి వచ్చింది డాక్టరమ్మా?"

ఇక్కడ తప్పించుకునే మాటలు చాలా ఉన్నాయి. జబ్బు ఈ మధ్యే ముదిరిందనవచ్చు. కొత్త ఫొటోలో బాగా తేలిందనవచ్చు. నా వైపు చూపించి సాఫ్ట్‌వేర్ అనవచ్చు, నేను అందుకు సిద్ధంగానే ఉన్నాను. మా ఉద్యోగంలో నిందకు మొదటి వాటాదారులం మేమే.

డాక్టర్ సరిత అవేవీ అనలేదు.

"మొన్న గూడ ఉండె ఖాజా భాయ్. నాకు కనబడలే. మా తెర రంగు తప్పింది, నేను చూడక బాగుందని రాసిన. తప్పు నాది, మా సెంటర్‌ది. నువ్వు బాగున్నవని జెప్పిన మాట వాపసు తీసుకుంటున్న."

కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"డాక్టర్లు గిట్ల అంటరా?" అన్నాడు ఖాజా భాయ్ గొంతు తగ్గించి. "ఇన్నేండ్లల్ల నేను ఇనలే." తర్వాత ఎవరినో కేకేశాడు. "బేగం, సంచి తియ్. షేర్వానీ తమ్మునికియ్యి, వాడే కుట్టుకుంటడు. గుండీలు మాత్రం యాడవడితె ఆడ కుడ్తడు, జర చూసుకో."

ఆ సాయంత్రానికే ఆయన, ఆయన భార్య మహబూబాబాద్ చేరారు. మర్నాడు వరంగల్‌లో పెద్ద కంటి ఆసుపత్రికి పంపారు. కంటిలో సూది మందు అంటే ఆయన గుండె జారిందట. "నేను బతుకంత సూది పట్టినోణ్ని, సూది నన్ను పడ్తదని అనుకోలే" అన్నాడని డాక్టరమ్మ చెప్పారు.

దసరా నుంచి అప్పటిదాకా వచ్చిన ఫొటోలన్నిటినీ డాక్టరమ్మ, స్వరూప మళ్లీ చూశారు. ఇంకొందరిని కూడా పిలిపించారు. అందరికీ డాక్టరమ్మ ఒకే రకంగా చెప్పారు, తెర రంగు తప్పిందనీ, తప్పు తమదనీ. ఎవరూ గొడవ పడలేదు. ఒకామె మాత్రం "ఇగ నుంచి నా బొమ్మ రెండు తెరల మీద చూడుండ్రి" అంది. మంచి సలహా. ఆ కేంద్రంలో ఇప్పుడు అదే పద్ధతి.

నాకు మిగిలిన పని ఒకటుంది. ఘాటుగా పంపిన ఫిర్యాదును వెనక్కి తీసుకోవడం. క్షమాపణ చెప్పి, కారణం దాచకుండా రాశాను. మీటరు కంటిలో పసుపు పడిందనీ, అది మా పండుగ ఆచారమనీ. అటువైపు ఆయన, పసుపు అంటే తెరల మీద వేసే కొత్తరకం పూతా అని అడిగాడు. కూరలో వేసే పూత అని చెప్పాను. ఆయన ఆ ఫిర్యాదును మూసేస్తూ, తమ వివరణల్లో ఒక వాక్యం చేరుస్తున్నామని రాశాడు. కొలవడానికి ముందు మీటరు కన్ను తుడిచి చూసుకోండి అని. పేరు లేకపోయినా, ఆ వాక్యంలో మహబూబాబాద్ వంటింటి వాసన ఉందని నాకు తెలుసు. ఇంతకంటే గొప్ప ప్రమోషన్ నాకు రాలేదు.

ఈ పనిలో చేరేవాళ్లకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కోడ్ చదవగలగడం గొప్పే, కానీ కోడ్‌లో తప్పు దొరకాలనే ఆశతో చదవకండి, నాలాగా ఊరికే వేడెక్కుతారు. యాదగిరి సార్ మీటరును నమ్మమన్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. మీటరును నమ్మండి, కానీ అప్పుడప్పుడు దాన్ని మీకు బాగా తెలిసిన తెర మీద పెట్టి దాని ఆరోగ్యం కూడా అడగండి. తెర తెల్లబడిందని ఎవరైనా మెచ్చుకుంటే పొంగిపోకుండా, ఏ రంగు తగ్గితే ఈ తెలుపు వచ్చిందని చూడండి. అంతకంటే ముందు, తెరకు అటువైపు ఎవరి బతుకు ఉందో తెలుసుకోండి. అది తెలిస్తే ఈ పని ఎంత హుషారుగా ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను. నాకు ఇప్పటికీ తెర కనబడితే సెట్టింగులు తెరవాలని చెయ్యి దురద పెడుతుంది. చుట్టాల ఇళ్లకు వెళ్తే టీవీ రిమోట్ ముందే దాచేస్తున్నారు.

గళ్ల కాగితం

సూది మందు ఒక్కసారితో అయిపోలేదు, కొన్నిసార్లు పడింది. అవి పూర్తయ్యాక ఖాజా భాయ్ గూడూరు కేంద్రానికి వచ్చే రోజు నన్నూ రమ్మన్నారు డాక్టరమ్మ. అప్పటికి నేను రిటైరయ్యాను, నాకు అక్కడ చేయాల్సిన పనేమీ లేదు. అయినా ముందే వెళ్లి కూర్చున్నాను.

ఆయనను చూడడం నాకు అదే మొదటిసారి. సన్నటి మనిషి, మెడలో కొలిచే టేపు అలాగే వేలాడుతోంది. ఇక్కడికి వస్తూ తీయడం మరిచినట్టున్నాడు. డాక్టరమ్మ నిలువు గీతలు, అడ్డగీతలు ఉన్న గళ్ల కాగితం ఆయన ముందు పట్టుకున్నారు. చూపు నడుమ తేడా ఉంటే ఆ గీతలు వంగి కనబడతాయి. కుడి కన్ను మూయమన్నారు.

ఆయన అరచేత్తో కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో కాగితం వైపు వంగాడు. పెదవులు కదిలాయి, దేన్నో కొలుస్తున్నట్టు. పక్కన ఆయన భార్య కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఎట్లున్నయ్ ఖాజా భాయ్? గీతలు సీదా ఉన్నయా?"

ఆయన కాగితాన్ని ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు జరిపి చూశాడు.

"సీదానే ఉన్నయ్ డాక్టరమ్మా," అన్నాడు. "ఈ మూలకు ఒక్క కాడ జర కుచ్చు పట్టినట్టున్నది. ఫికర్ జెయ్యకు, ఇస్త్రీ పెడితె పోతది."